లెనర్డ్ పిస్టల్‌కి నేను చేసిన ఉపకారం

మా చర్చిలో కీర్తన అనే అమ్మాయి ఉంది. పుట్టి పెరిగింది ఇక్కడే, మా పిస్కాటవే ఊళ్ళోనే. మెకానికల్‌లో మాస్టర్స్ చేసింది. పోయినేడు నేను రిటైరై ఖాళీ చేసిన కుర్చీలోకే ఇప్పుడు ఉద్యోగానికి వెళుతోంది. ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర నన్ను పట్టుకుని, "ఆంటీ, జాబ్ డిస్క్రిప్షన్ చదివాను. బట్ రోజూ అక్కడ ఏం చేస్తారు, రియల్‌గా?" అని అడిగింది. జవాబు మొదలుపెట్టాను. కాఫీ చల్లారింది, పాస్టరుగారి భార్య కుర్చీలన్నీ మడిచి గోడకి ఆనించేసింది, నేను మాత్రం ఇంకా నా మొదటి వారం దగ్గరే ఉన్నాను. అందుకని కాగితం మీద పెడుతున్నాను. ఆ పిల్లకి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. మంచిదే. కూతురు ఎలాంటి చోటికి వెళుతోందో తల్లికీ తెలుస్తుంది.

ప్రమోషన్ల గురించి ఏమీ రాయను. ఇరవై రెండేళ్ళలో నాకు వచ్చింది ఒకే ఒక్క ప్రమోషన్. దానితో కుర్చీకి చక్రాలు వచ్చాయి.

పెట్టెలో ఏముంటుంది

మన ఏజెన్సీ ప్రాంతాల్లో నాటు తుపాకి అంటారే, మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, కడ్డీతో దట్టించి పేల్చేది, దానికి పొట్టి తమ్ముడు మేం అమ్మే పిస్టల్. రెండు వందల ఏళ్ళు దాటిన నమూనా. చెకుముకి రాయి ఉక్కు రేకుకి కొట్టుకుని రాలిన నిప్పురవ్వతో పేలుతుంది. ఒకసారి పేల్చాక రెండోసారి సిద్ధం చేయడానికి నిమిషం పైనే పడుతుంది. దీనితో దొంగని పట్టాలంటే ఆ దొంగ కాస్త ఓపిక మనిషి అయ్యుండాలి.

మా షాపు డెలావేర్ నది అవతల, పెన్సిల్వేనియాలో, ఒకప్పుడు ఆవులని కట్టేసిన షెడ్డులో ఉంది. మేం పిస్టల్‌ని తయారుగా అమ్మం. విడి భాగాలు పెట్టెలో పెట్టి అమ్ముతాం. ముప్పాతిక వంతు చెక్కిన వాల్‌నట్ చెక్క పిడి, బ్యారెల్, చెకుముకి రాయిని పట్టుకుని కొట్టే లాక్, ఇత్తడి సామాను, చిన్న సంచిలో స్క్రూలు, నేను రాసిన పుస్తకం. అన్నీ ఉంటాయి, ఏదీ దేనిలోనూ పట్టదు. కొన్న మనిషి తన ఇంట్లో, తన బల్ల మీద, ఇనుము చెక్కలో ఒదిగి కూర్చునేదాకా కొంచెం కొంచెంగా గీకుకోవాలి. నెలలు పడుతుంది. అలా గీకుకునేవాళ్ళు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. అప్పుడు ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ ఎత్తేది నేను. పాడైపోయి తిరిగొచ్చినవి విప్పి చూసేదీ నేనే, పుస్తకం రాసేదీ నేనే.

పిస్టల్ అనగానే మనవాళ్ళు కంగారు పడతారు. మా ఆయన మొదట్లో చర్చిలో ఎవరైనా నా ఉద్యోగం గురించి అడిగితే "హార్డ్‌వేర్ సైడ్ అండీ" అని ఊరుకునేవారు. అందరూ కంప్యూటర్ సర్వర్లనుకున్నారు. ఒక పెద్దాయన మేనల్లుడి రెజ్యూమె కూడా పంపించాడు. నేను దాన్ని నిజంగానే వాల్ట్‌కి ఇచ్చాను.

వాల్ట్

వాల్ట్ మా యజమాని. నేను తెనాలి పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి, విజయవాడ ఆటోనగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో రెండేళ్ళు పనిచేసి, పెళ్ళయి ఇక్కడికొచ్చి, పిల్లలు బడికి వెళ్ళేదాకా ఇంట్లో కూర్చున్న మనిషిని. ఇంటర్వ్యూకి పోతే ఆయన ఒక ఇత్తడి ముక్క, ఒక ఆకురాయి చేతికిచ్చి పక్కకి వెళ్ళిపోయాడు. పది నిమిషాలు రాకాను. తిరిగొచ్చి ముక్కని చూడనైనా చూడలేదు, సోమవారం రమ్మన్నాడు. తర్వాతెప్పుడో అడిగితే, నువ్వు నిలబడిన తీరు కిటికీలోంచి చూశాను, అది చాలు అన్నాడు.

పనిమంతుడిగా ఆయనకి వంక పెట్టలేం. బాస్‌గా మాత్రం కష్టం. బాగుందనడు, బాగాలేదనడు. కోపమొస్తే లేచి వెళ్ళి ఉలులు సాన పట్టేవాడు. పొద్దున్నే వెళ్ళేసరికి అందరి బల్లల మీదా ఉలులు తళతళలాడుతుంటే, నిన్న ఎవరో ఏదో తగలబెట్టారని మాకు అర్థమయ్యేది. కీర్తనా, నీకు ఇప్పుడు ఆయన కూతురు బాస్. ఆవిడ మాట్లాడుతుంది. నీ అదృష్టం.

ఫోన్లు

ఈ ఉద్యోగంలో నూటికి తొంభై వంతులు వినడమే. ఫోన్ చేసేవాడు మొదట చెప్పేది ఎప్పుడూ అసలు సంగతి కాదు. "స్క్రూ ఒకటి మిగిలింది, మీరు ఎక్కువ వేశారు" అంటాడు. మేం ఎప్పుడూ ఎక్కువ వేయలేదు. ఎక్కడ మర్చిపోయాడో మనం చెప్పకూడదు, ఒక్కొక్క భాగం గురించి అడుగుతూ పోవాలి. మూడో ప్రశ్నకి అవతల స్క్రూలు కదిలిన చప్పుడు. నాలుగో ప్రశ్నకి "థాంక్యూ" అని పెట్టేస్తాడు.

నూనె పట్టించిన పిడి త్వరగా ఆరుతుందని వంటింటి ఓవెన్‌లో పెట్టిన మనిషి ఒకడు. ఆయన ఫోన్ చేయలేదు, భార్య చేసింది. ఇంకొకాయన పళ్ళ డాక్టరు. లాక్ కోసం ఆయన గీకిన గూడు చూసి మా వాల్ట్ కూడా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పంటి పనిముట్లతో చేశాట్ట.

నేను ఈ షాపుకి తెచ్చిన సొంత విద్య ఒక్కటే ఉంది, అది కాటుక. ఇనుము చెక్కలో ఎక్కడ అడ్డుపడుతోందో తెలియాలంటే ఇనుముకి నల్లరంగు పూసి చెక్కకి నొక్కాలి. నలుపు ఎక్కడ అంటితే అక్కడే గీకాలి. దానికి ప్రత్యేకం ఒక సీసా అమ్ముతారు. ఒక శనివారం ఎవరో సీసా అయిపోయిందని గోల పెడితే, ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసిలో చుక్క నూనె కలుపుకోమన్నాను. మా అమ్మమ్మ మాకు అలాగే కాటుక పట్టేది. సీసా నలుపు కంటే బాగా పనిచేసింది. ఇప్పుడు పుస్తకం నాలుగో పేజీలో ఉంది అది.

తగినంత

ఇక నా తప్పు గురించి.

లెనర్డ్ మాకు గంటన్నర దూరంలో ఉండేవాడు. ముప్పై ఏళ్ళ పైన స్కూల్ బస్సు నడిపి మానేసిన మనిషి. మొదటి ఫోన్‌లో ఆయన చెప్పింది చాలా తక్కువ. పిడి పాడు చేసుకున్నాను, తప్పు నాదే, చెక్క ఒక్కటే విడిగా దొరుకుతుందా అన్నాడు. పాడైంది పంపమన్నాను. పెట్టె విప్పి చూస్తే లాక్ కూర్చోవాల్సిన గూడు అడుగున కన్నం పడింది. అందులోంచి అవతలి కిటికీ కనిపించింది.

ఇలాంటివి వచ్చినప్పుడు కార్డు మీద "కస్టమర్ పొరపాటు" అని రాసి పక్కన పెట్టడం నాకు అలవాటు. పెన్ను కూడా తీశాను. ఆయన పెట్టెలో మిగతా సామానంతా, నా పుస్తకం కూడా పెట్టి పంపాడు. తెరిచాను. "లాక్ సరిగా కూర్చోవడానికి తగినంత చెక్క తీయండి" అనే అర్థం వచ్చేలా నేను ఇంగ్లీషులో రాసిన వాక్యం కింద పెన్సిల్ గీత ఉంది. పక్కన "తగినంత అంటే?" అని వణుకుతున్న అక్షరాలతో మూడుసార్లు రాసుంది.

మన ఇళ్ళలో వంట అలాగే చెబుతారు. ఉప్పు తగినంత, చింతపండు తగినంత. ఎంత అని ఎవరూ అడగరు, ఎందుకంటే అమ్మ పక్కన నిలబడి పదేళ్ళు చూసి ఉంటాం. నేను పుస్తకం కూడా ఆ ధోరణిలోనే రాసేశాను. లెనర్డ్ ఎవరి పక్కనా నిలబడలేదు. ఆయన దగ్గర ఉన్నదల్లా నా వాక్యం, దాన్ని మూడుసార్లు అడిగాడు, అది జవాబు చెప్పలేదు.

పాత కార్డుల డబ్బా తీశాను. అదే చోట కన్నం పడి తిరిగొచ్చినవి ఇంకొన్ని దొరికాయి. అన్నిటి మీదా నా చేతిరాతే, కస్టమర్ పొరపాటు, కస్టమర్ పొరపాటు. పైగా కొత్తగా అచ్చేయించిన పుస్తకాల కట్టలు అంతకు ముందు వారమే వచ్చి గోడ పొడుగునా పేర్చి ఉన్నాయి.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పాను. మా ఆయన ఫార్మా కంపెనీలో పనిచేసిన మనిషి, తాపీగా విన్నారు. "నిన్నెవరూ అడగలేదు కదా సుగుణా. నెక్స్ట్ ప్రింట్‌లో సైలెంట్‌గా ఫిక్స్ చేసేయ్, అయిపోద్ది" అన్నారు. అది చెడ్డ సలహా అని నేను అనను. ఆఫీసుల్లో చాలామంది అలాగే బతికేస్తారు. కానీ కన్నంలోంచి కనిపించిన ఆ కిటికీ నన్ను పడుకోనివ్వలేదు. మూడో రోజు కార్డులన్నీ తీసుకెళ్ళి వాల్ట్ ముందు పెట్టాను.

విన్నాడు. లేచి వెళ్ళి ఉలులు సాన పట్టడం మొదలుపెట్టాడు. గంటన్నర పట్టాడు. తిరిగొచ్చి, ఎంత లోతో అంకె వెయ్యి అన్నాడు. ఒక్కో చెక్క ఒక్కో రకం, అంకె కుదరదు అన్నాను. "అయితే ఆగాలని అతనికి ఎలా తెలుస్తుందో అది రాయి" అన్నాడు. ఆ ముక్క ఇరవై రెండేళ్ళలో నాకు అందిన గొప్ప చదువు. ఎంత తీయాలో ఎవడూ చెప్పలేడు. నలుపు అంచంతా సమంగా అంటిందా చూడు, చెక్కని దీపానికి పట్టి చూడు, ఎర్రగా వెలుగు కనిపిస్తే వెంటనే ఆగు. ఇది రాయగలం. రాశాను. చీటీలు కొట్టించి, ఆ కట్టల్లోని ప్రతి పుస్తకంలోనూ చేత్తో అంటించాం. పదకొండు రోజులు పట్టింది. వాల్ట్ కూడా నా పక్కనే కూర్చుని జిగురు రాశాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో.

ఉపకారం

లెనర్డ్‌కి కొత్త పిడి మనమే పంపిద్దాం అంటే వాల్ట్ సరేనన్నాడు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఇంతే.

నాకు మనసొప్పలేదు. తప్పు నాది, ఆ పెద్దాయన చేతులు వణుకుతున్నాయి, అక్షరాలే చెబుతున్నాయి. మన ఇంటికి చుట్టం వస్తే మామిడిపండు, చాకు చేతికిచ్చి నువ్వే కోసుకో అంటామా? చక్కగా ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి తెస్తాం. వారం రోజులు మధ్యాహ్నం భోజనాలు మానుకుని ఆ పిడిని నేనే గీకాను. లాక్ కూర్చోబెట్టాను, బ్యారెల్ కూర్చోబెట్టాను, ఇత్తడి సామాను అమర్చాను. నా జీవితంలో అంత శుభ్రంగా ఇంకే పనీ చేయలేదు. వెంట్రుక దూరే సందు లేదు. కష్టమైన పనంతా చేసేశాను, మీరు నూనె రాసి స్క్రూలు బిగించుకుంటే చాలు అని చీటీ పెట్టి పంపాను. కృతజ్ఞతలతో ఉత్తరం వస్తుందని ఎదురుచూశానని ఒప్పుకుంటున్నాను.

వారానికి పెట్టే తిరిగొచ్చింది. లోపల కాగితం ముక్క. "చాలా అందంగా ఉంది. ఇది మీ పిస్టల్. దయచేసి నాది పంపండి."

నాకు ఒళ్ళు మండింది. ఎంత పొగరు అనుకున్నాను. కాగితం తీసుకెళ్ళి వాల్ట్‌కి చూపించాను, నా పక్షం మాట్లాడతాడని. ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. "మన పెట్టెలో ఏదీ దేనిలోనూ పట్టదు. అదే మనం అమ్మేది. నువ్వు అతని దగ్గర్నుంచి అది తీసేసుకున్నావు" అన్నాడు. ఆయన నోట అంత పొడుగు మాట నేను అరుదుగా విన్నాను.

లెనర్డ్‌కి ఫోన్ చేశాను. ఆయన కోపంగా లేడు, అది ఇంకా ఇబ్బందిగా ఉంది. అప్పుడు చెప్పాడు అసలు సంగతి. చేతుల వణుకు పెరుగుతుందే కానీ తగ్గదని డాక్టరు చెప్పింది. ఏడాదో, ఏడాదిన్నరో, ఆ తర్వాత సన్నని పనిముట్టు పట్టుకోవడం కుదరదు. ఈలోపల ఒక్క వస్తువు తన చేతులతో మొదటినుంచి చివరిదాకా చేయాలని పెట్టె కొన్నాడు.

"మా అమ్మాయి నా పళ్ళెంలో మాంసం ముక్కలు కోసి పెడుతుంది. పక్కింటాయన నా ఇంటి ముందు పడ్డ మంచు ఎత్తేస్తాడు. అందరూ మంచివాళ్ళే" అన్నాడు. "ఇది మాత్రం ఎవరూ చేసిపెట్టరని కొన్నాను."

సారీ చెప్పాను. ఆ మాట నాకు అంత సులభంగా రాదు, మా ఆయన్ని అడగండి. గీకని కొత్త పిడి, ఆయన సామానుతో సహా, ఆ మధ్యాహ్నమే పంపాను.

గురువారాలు

పొద్దున మందు వేసుకున్నాక పది నుంచి పదకొండు దాకా ఆయన చేతులు కాస్త కుదురుగా ఉండేవి. ప్రతి గురువారం పదింటికి ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని పనిచేద్దామన్నాను. ఉలి పక్కన పెట్టించాను, గీకుడు బ్లేడు మాత్రమే. ఇసుక నింపిన తోలు సంచి మీద పిడి ఉంచి, మణికట్లు రెండూ దాని మీద ఆనించమన్నాను. తర్వాత నేను అడగడమే, చెప్పడం లేదు. నలుపు ఎక్కడ అంటింది? అంచునా, అడుగునా? దీపానికి పట్టి చూశారా?

కొన్ని గురువారాలు గంటసేపు గీకితే చిటికెడు పొట్టు కూడా రాలేది కాదు. ఒక గురువారం చేతులు అసలు మాట వినలేదు. ఇవాళ వద్దులే అన్నాడు. బస్సులో పిల్లలు చేసిన అల్లరి ఆయన చెప్పాడు, ఇంగ్లీషు పాట మా చర్చి తెలుగు క్వయర్ చేతిలో ఏమైపోయిందో నేను చెప్పాను. ఫోన్ ఇవతల నా చేతులు ఊరుకునేవి కావు. ఒక పనికిరాని వాల్‌నట్ ముక్క ముందు పెట్టుకుని ఆయనతోపాటు దాన్ని గీకేదాన్ని. మంచు కరిగినప్పుడు మొదలుపెట్టాం, ఆకులు రాలే వేళకి లాక్ కూర్చుంది. క్లిక్‌మన్న చప్పుడు నాకు ఫోన్‌లో వినిపించింది. నాకు ఏడుపొచ్చింది, ఆయనకి తెలియనివ్వలేదు.

కీర్తనా, ఫోన్‌లో అవతలివాడు తప్పు చేస్తుంటే నీకు చెవులతోనే తెలిసిపోతుంది. రెండేళ్ళకి ఆ చెవి వస్తుంది. నోరు ఆపుకోవడానికి మాత్రం పదేళ్ళు పడుతుంది. భద్రత సంగతి వేరు. అక్కడ ఎవరి ముచ్చటా చూడకు, ఎవరి మనసు నొచ్చుకున్నా సరే, నువ్వు స్వయంగా చూడందే పేల్చనివ్వకు.

పేల్చిన రోజు

అక్టోబరులో ఒక శనివారం, మా షాపు వాళ్ళు ఎప్పుడూ వెళ్ళే షూటింగ్ క్లబ్ మైదానానికి లెనర్డ్ వచ్చాడు. కూతురు డ్రైవ్ చేసుకుని తీసుకొచ్చింది. అప్పటిదాకా మేం ఒకరినొకరం చూసుకోలేదు. నేను అనుకున్నదానికంటే పొడుగు మనిషి. నన్ను చూసి, నేను అనుకున్నదానికంటే పొట్టిగా ఉన్నారు అన్నాడు.

పిస్టల్ చేతికిచ్చాడు. నా పని నేను చేశాను. బ్యారెల్ చూశాను, లాక్ సగం ఎత్తినప్పుడు గట్టిగా నిలుస్తోందా లేదా అని పదిసార్లు పరీక్షించాను. అంతా సవ్యంగా ఉంది. లాక్ చుట్టూ మాత్రం సందు ఉంది, విజిటింగ్ కార్డు దూరేంత. నా కళ్ళు అక్కడికే పోయాయి. ఆయన నా కళ్ళని చూశాడు.

"కనిపిస్తోంది కదా" అన్నాడు.

కనిపిస్తోందన్నాను. అబద్ధం చెబితే అవమానించినట్టే.

"అది నాదే" అన్నాడు లెనర్డ్.

బల్ల మీద ఇసుక సంచి వేసి కూర్చున్నాడు. ముందే కొలిచి పెట్టుకున్న మందు గొట్టం తీశాడు. చేతులు ఆ రోజు బాగా లేవు. కొత్త చోటు, చుట్టూ మనుషులు. గొట్టం బ్యారెల్ మూతి దగ్గరికి చేరి, పక్కకి పోయి, మళ్ళీ చేరి, సగం మందు బల్ల మీద ఒలికిపోయింది. ఆయన దాన్ని తుడిచి, ఇంకో గొట్టం తీశాడు. అదీ వణికింది. కూతురు ఉండబట్టలేక ముందుకి వంగి చేయి చాచింది.

నేను ఆ అమ్మాయి మణికట్టు పట్టుకుని ఆపాను. ఆమె నా వంక కోపంగా చూసింది. చూడదా మరి.

నిలబడ్డాం. పక్క బల్లల వాళ్ళు పేల్చడం ఆపేశారు. వాల్ట్ చేతులు కట్టుకున్నాడు. మందు లోపలికి పోయింది. గుండు ఒకసారి గడ్డిలో పడింది, లెనర్డ్ వంగి వెతుక్కున్నాడు, దొరికేదాకా మేం ఎవరం వంగలేదు. దట్టించాడు. లాక్ మీది రాయిని వెనక్కి లాగడానికి రెండు బొటనవేళ్ళూ వాడాడు. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో నేను చేసిన అన్ని పనుల్లోకీ, ఆ ఐదారు నిమిషాలు ఏమీ చేయకుండా నిలబడటమే కష్టమైంది.

పేలింది. తెల్లటి పొగ మమ్మల్నందర్నీ కప్పేసింది. పొగ తేలాక చూస్తే ఎదురుగా ఉన్న అట్ట మీద మచ్చ కూడా లేదు. గుండు పెన్సిల్వేనియాలో ఎక్కడ పడిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

లెనర్డ్ నవ్వాడు. పిస్టల్ ఎవరికీ ఇవ్వలేదు.

"ఇంకోసారి" అంటూ మరో మందు గొట్టం అందుకున్నాడు. ఈసారి కూతురు తన చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుంది.